ఒక బొమ్మ దించితే రెండు కట్టాలి

పైడిరాజు మేస్త్రీ కట్టిన ఇళ్లకు వంకలు పెట్టినవాళ్లున్నారు గానీ, అతను చేసిన దిష్టిబొమ్మకు వంక పెట్టినవాడు నడిమిపట్నంలో ఇంతవరకూ లేడు. పాత ప్యాంటూ చొక్కాలో ఎండుగడ్డి కూరి, కుండతలకు సున్నంతో కళ్లు పెట్టి, మసితో మీసాలు దిద్ది, ఎర్రగుడ్డ నాలుక వేలాడేశాడంటే ఎంతటి అసూయాపరుడైనా ముందు బొమ్మను చూసి ఉలిక్కిపడాలి, ఆ తర్వాతే బిల్డింగును చూడాలి. నూకరత్నం కొత్త బిల్డింగుకు వేలాడిన బొమ్మ మరీ ఘోరం. దాన్ని చూసి బస్సుల్లో చంటిపిల్లలు గుక్కపెట్టి ఏడ్చేవారు.

ఆ బొమ్మ ఏడాదిన్నర ఎండకు ఎండింది, వానకు తడిసింది. ఈలోగా దాని వెనక కింద భోజనాల హాలూ, వంటగదీ, పైన అద్దెకివ్వడానికి రెండు గదులూ లేచాయి. గచ్చులయ్యాయి, రంగులయ్యాయి. ఇక మిగిలిందల్లా బొమ్మను దించి, గుమ్మడికాయ కొట్టి, పొయ్యి మీద పాలు పొంగించడమే. గురువారం ముహూర్తం.

నూకరత్నానికి ఈ ముహూర్తం తప్పితే కుదరదు. ఇరవై ఆరేళ్లుగా ఆమె మెస్సు నడుపుతున్నది బస్టాండు పక్కన రేకుల షెడ్డులో. రోడ్డు వెడల్పు చేసేవాళ్లు ఆ షెడ్డు మీద ఎర్రరంగుతో పెద్ద గుర్తు పెట్టి, నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. నెలాఖరు ఇంకా ఇరవై మూడు రోజులుంది. ఆలోగా కొత్త వంటగదిలో పొయ్యి వెలగకపోతే రెండు పూటలా తినే నూటయాభై మందీ తలో దిక్కుకీ పోతారు. తిండి తినేవాడి నాలుక ఒకసారి ఇంకోచోట అలవాటు పడితే మళ్లీ వెనక్కి తిరగదని ఆమెకు తెలుసు. తనతో పాటు పొయ్యిల దగ్గర చెమటోడ్చే నలుగురు ఆడవాళ్ల సంగతి తలుచుకుంటే ఆమెకు రాత్రిళ్లు నిద్ర పట్టడంలేదు.

బుధవారం పొద్దున్నే పైడిరాజు నిచ్చెన వేసి సగం ఎక్కాడో లేదో, కీచుమంటూ ఒక జీపు ఆగింది.

"ఆగవయ్యా! ఆ బొమ్మను ముట్టుకోకు!" అంటూ అందులోంచి కుంటుకుంటూ దిగాడు కామేశం.

కామేశం పరాయివాడేం కాదు. పదేళ్లుగా నూకరత్నం మెస్సులో పులుసు పోయించుకుంటున్న మనిషి. మోకాళ్ల నొప్పులు, మొహమాటం రెండూ సమంగా ఉన్నవాడు. ఉద్యోగం మాత్రం ప్రాంతీయ వాణిజ్య నిర్మాణ ఆశాభావ సంస్థలో లెక్కల సహాయకుడు.

"అదేంటండీ కామేశం గారూ, మా బొమ్మ మేం దించుకుంటే మీకేంటండీ?" అంది నూకరత్నం.

"బొమ్మ మీదే రత్నమ్మగారూ. దాని మీదున్న ఆశ మాది," అని నేల చూపులు చూస్తూ, బొమ్మ పొట్టకు గుచ్చి ఉన్న రేకుముక్క చూపించాడు. దాని మీద 417 అని నంబరుంది. ఇన్నాళ్లూ అది బొత్తామనుకుంటోంది నూకరత్నం.

ఆ నంబరు కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఈ ప్రాంతంలో ముందు ముందు ఎన్ని దుకాణాలు, ఎన్ని హోటళ్లు, ఎన్ని ఆఫీసులు లేస్తాయో మూడు నెలలకోసారి జోస్యం చెప్పడానికి ప్రభుత్వం వారు ఈ సంస్థను పెట్టారు. కడుతున్న ప్రతి బిల్డింగు దగ్గరికీ వెళ్లి ముప్ఫై ఆరు గళ్ల ఫారం నింపుకురావాలి. ఆ పని కామేశానికి అప్పజెప్పారు. ఆ మోకాళ్లతో రెండు బిల్డింగులు ఎక్కి దిగేసరికి అతనికి చుక్కలు కనిపించాయి. మూడో రోజు బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉసూరుమంటుంటే ఒక సంగతి తట్టింది. ఈ ఊళ్లో దిష్టిబొమ్మ లేకుండా ఎవరూ పునాది దాటరు, బిల్డింగు పూర్తయ్యాక బొమ్మను ఒక్కరోజు కూడా ఉంచరు. అంటే ఎన్ని బొమ్మలుంటే అన్ని బిల్డింగులు లేస్తున్నట్టే కదా! కామేశం బస్సు దిగకుండానే ఊరంతా తిరిగి, నాలుగు వందల పన్నెండు బొమ్మలు లెక్కపెట్టుకుని, మధ్యాహ్నం భోజనానికి మెస్సుకు వచ్చేశాడు.

పని తప్పించుకోవడానికి వేసిన ఆ ఎత్తు డైరెక్టరు జోస్యుల పరాంకుశం గారి చేతిలో పడి శాస్త్రమైపోయింది. ఆయన దానికి 'ఆశాభావ సూచిక' అని పేరుపెట్టి, నున్నటి కాగితం మీద అచ్చువేయించి రాజధానికి పంపారు. రాజధానివారు మురిసిపోయి, వచ్చే మూడు నెలలకు పది శాతం పెంచి చూపించమన్నారు. అప్పుడు గానీ పరాంకుశం గారికి అసలు చిక్కు తెలిసిరాలేదు. జనం బిల్డింగులు మొదలుపెట్టడమే కాదు, బుద్ధిలేకుండా పూర్తి కూడా చేసేస్తున్నారు. ఒక్కో బిల్డింగు పూర్తయినకొద్దీ ఒక్కో బొమ్మ దిగిపోతోంది, ప్రాంతీయ ఆశాభావం ఒక్కో మెట్టు కుంగిపోతోంది. అందుకని ప్రతి బొమ్మకూ రహస్యంగా నంబరు వేయించి, అనుమతి లేకుండా దించితే కఠినచర్యలని ఉత్తర్వు తీశారు.

"అయితే బొమ్మను ఉండనిచ్చే పొయ్యి వెలిగించుకుంటానండి," అంది నూకరత్నం అంతా విని.

"బొమ్మ ఉంటే బిల్డింగు కడుతున్నట్టు లెక్క. కడుతున్న బిల్డింగులో వ్యాపారం చెయ్యకూడదు," అన్నాడు కామేశం.

పైడిరాజు నిచ్చెన మీంచే అన్నాడు. "అంటే అక్కా, దించకూడదంట, దించకుండా ఉండకూడదంట. మరి నేను దిగనా, ఎక్కనా?"

నూకరత్నం చెంగు బిగించి ఆశాభావ సంస్థకు బయల్దేరింది.

పరాంకుశం గారి గదిలో గోడమీద పెద్ద పటం ఉంది. అందులో ఎర్రబాణం కిందినుంచి పైకి ఎగబాకుతోంది. పటంలో చోటు చాలక, పెయింటరు నిచ్చెన వేసుకుని బాణాన్ని గోడమీదికి పొడిగిస్తున్నాడు. ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆ బాణాన్ని కన్నబిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటున్నారు.

"బాబూ, నా బిల్డింగు పూర్తయిపోయిందండి," అంది నూకరత్నం.

పరాంకుశం గారి మొహం చిన్నబోయింది. "ఎంత తొందరపాటు! పూర్తి కావడానికి గల కారణాలేమిటమ్మా?"

"కట్టేవండి. అయిపోయిందండి."

"చూడమ్మా. సదరు భవనం పూర్తికావడం వల్ల ప్రాంతీయ ఆశాభావానికి సున్నా పాయింటు రెండు నాలుగు శాతం మేర విఘాతం కలుగుతున్నది. పూర్తయిన భవనం గతం. మా సంస్థ పరిధి భవిష్యత్తు. భవనం భౌతికం, ఆశాభావం శాశ్వతం."

"శాశ్వతం మాటెలా ఉన్నా నా షెడ్డు నెలాఖరుకు కూల్చేస్తారండి. నూటయాభై మందికి అన్నం పెట్టాలండి."

"మీ ఆవేదన సంస్థ దృష్టికి వచ్చింది," అన్నారాయన. దృష్టికి వచ్చినదాన్ని అక్కడే ఉంచి ఒక ఉత్తర్వు తీసి చదివారు. "విఘాత పరిహార విధానాన్ని అనుసరించి, ఒక బొమ్మ దించగోరు వ్యక్తి విధిగా రెండు బొమ్మలు కట్టవలెను."

"ఇంకో రెండు బిల్డింగులు నేనెక్కణ్ణించి తెస్తానండీ?"

"భవనాలతో పనేముందమ్మా? ఖాళీస్థలమైనా చాలు. ఆశ ముఖ్యం."

సరేననుకుంది నూకరత్నం. పైడిరాజు చేత రెండు బొమ్మలు చేయించి, ఒకటి రేపో మాపో కూలిపోయే తన రేకుల షెడ్డుకూ, రెండోది గేదెల పాకకూ కట్టించింది. గురువారం ముహూర్తం ఎలాగూ తప్పింది, వచ్చే సోమవారమైనా పాలు పొంగుతాయనుకుంది.

కానీ ఆ ఉత్తర్వు ఆమె ఒక్కదానికే కాదు కదా. మందుల షాపు పూర్తిచేసిన ఆసామి రెండు కట్టాడు. కల్యాణమండపం ఆయన, ఎందుకైనా మంచిదని, ఆరు కట్టాడు. ఖాళీ స్థలాలు నిండాయి, కరెంటు స్తంభాలు నిండాయి, పశువుల ఆసుపత్రి ప్రహరీ నిండింది. శ్మశానం గేటుకు కూడా ఎవరో ఒకటి వేలాడదీసి, అక్కడ కూడా వ్యాపారానికి అవకాశాలున్నాయని కామేశం చేత రాయించారు. పైడిరాజు ఇళ్లు కట్టడం మానేసి బొమ్మలు కడుతూ కూర్చున్నాడు. ఊళ్లో ఎండుగడ్డి దొరక్క గేదెలు పాలు తగ్గించాయి. పది రోజుల్లో సూచిక రెండువేల ఆరువందలకు చేరింది. పెయింటరు బాణాన్ని గోడ దాటించి పైకప్పు మీదికి ఎక్కించాడు. ఇంత నిర్మాణం జరుగుతోందని విని సిమెంటు కంపెనీలవాళ్లు కార్లేసుకుని వచ్చి, ఊరంతా తిరిగి, ఎక్కడ చూసినా బొమ్మలే నాలుకలు బయటపెట్టి కనిపిస్తుంటే భయపడి పొద్దుండగానే వెళ్లిపోయారు.

ఇంత మేలు జరిగాక అనుమతి వస్తుందని వెళ్లింది నూకరత్నం. పరాంకుశం గారు ఈసారి ఇంకా దిగులుగా ఉన్నారు.

"సూచిక విపరీతంగా పెరిగిపోయిందమ్మా. రాజధానివారు వచ్చే లక్ష్యాన్ని ఈ రెండువేల ఆరువందల మీద పది శాతం అన్నారు. కావున తదుపరి ఉత్తర్వుల వరకు బొమ్మల దింపుడు సంపూర్ణంగా నిలిపివేయడమైనది."

నూకరత్నానికి ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. నెలాఖరు ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ పూట మెస్సులో, ఎప్పుడూ కొసరి కొసరి వడ్డించే చెయ్యి గరిటెడు పోసి ముందుకు సాగిపోతోంది. విస్తరి ముందు కూర్చున్న కామేశానికి ముద్ద దిగలేదు. ఈ పాపానికి బీజం తన మోకాళ్లేనని అతనికి తెలుసు.

"రత్నమ్మగారూ," అన్నాడు మెల్లిగా. "కడుతున్న బిల్డింగులో వ్యాపారం కూడదు గానీ, అక్కడ పనిచేసే కూలీలకు వండిపెట్టొచ్చని రూలుంది. ఎంతమందికైనా పెట్టొచ్చు. నామమాత్రంగా డబ్బు కూడా తీసుకోవచ్చు."

గరిటె ఆగింది. "కూలీ అంటే ఎవరండీ?"

"నిర్మాణ సామగ్రిని ఒకచోటినుంచి ఇంకోచోటికి మోసినవాడు ఎవడైనా కూలీయే. ఎంత మొయ్యాలో రూలులో లేదు."

నూకరత్నం ఆ విస్తట్లో రెండు గరిటెలు పులుసు పోసింది. కామేశం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది కారం వల్ల కూడా కావచ్చు.

మర్నాడే బొమ్మ కింద, కొత్త వంటగదిలో, నాలుగు పొయ్యిలూ వెలిగాయి. గుమ్మడికాయ కొట్టలేదు, పాలు పొంగించలేదు. కూలీల వంటకు అవన్నీ ఎవరు చేస్తారు? వాకిట్లో ఇటుకల గుట్ట పోయించింది. భోజనానికి వచ్చినవాళ్లు ఎవరైనా సరే ఒక ఇటుక తీసుకుని, హాలుగుండా నడిచి, పెరట్లో పెట్టి, హాజరుపుస్తకంలో సంతకం చేసి, చేతులు కడుక్కుని కూర్చోవాలి. మధ్యాహ్నానికల్లా గుట్ట పెరట్లోకి చేరేది. సాయంత్రం వచ్చినవాళ్లు దాన్ని మళ్లీ వాకిట్లోకి చేర్చేవారు. లాయర్లు కోటు మడిచి మోశారు. కాలేజీ మేష్టారొకాయన ఇటుకతో పాటు సిద్ధాంతం కూడా మోస్తూ అందరికీ చెప్పబోయాడు గానీ, వెనకవాళ్లు ఆకలితో నెట్టేశారు. ఈ వింత చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా ఇటుక మోసి తినిపోవడంతో నూటయాభై కాస్తా నాలుగువందలైంది. నెలాఖరుకు బస్టాండు పక్కన షెడ్డు కూల్చేస్తే, దాని బొమ్మను మాత్రం కామేశం జాగ్రత్తగా విప్పి పక్కనున్న స్తంభానికి కట్టాడు. అది లెక్కలోది కదా.

అయినా నూకరత్నం మనసులో ముల్లు పోలేదు. "అన్నం అయితే పెడుతున్నాను గానీ తమ్ముడూ, నా ఇంట్లో నేను దొంగలా వండుతున్నట్టుంది," అంది పైడిరాజుతో. "పాలు పొంగని పొయ్యి. నెత్తిమీద ఆ మీసాలోడు. ఎప్పుడు పూర్తవుద్దిరా నా ఇల్లు?"

హాజరుపుస్తకం మాత్రం నెలనెలా ఆశాభావ సంస్థకు వెళ్తూనే ఉంది. ఒకే నిర్మాణస్థలంలో రోజుకు నాలుగువందల మంది కూలీలు! పరాంకుశం గారు దాన్ని అచ్చువేయించి రాజధానికి పంపారు. రాజధానివారి దగ్గర ఇంకో సూత్రం ఉంది. ఇంతమంది ఇన్ని రోజులు పనిచేస్తే ఎంత ఎత్తు లేవాలో అది చెబుతుంది. దాని ప్రకారం చూస్తే నూకరత్నం మెస్సు మూడు నెలలు తిరిగేసరికి పదకొండు అంతస్తులు తేలింది. అక్కణ్ణించి ఉత్తరం వచ్చింది. 'మీ ప్రాంతానికే తలమానికమైన సదరు పదకొండంతస్తుల భవన నిర్మాణాన్ని పరిశీలించుటకు కమిషనరు గారు శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు విచ్చేయుచున్నారు.'

శుక్రవారం పొద్దున్న ఎనిమిదింటికి పరాంకుశం గారు ఏర్పాట్లు చూడ్డానికి వచ్చారు. ఇన్నాళ్లలో ఆయన ఒక బిల్డింగు దగ్గరికి రావడం ఇదే మొదలు. తల పైకెత్తారు. మళ్లీ దించారు. వేలు పెట్టి లెక్కపెట్టారు.

"రెండే ఉన్నాయేమిటమ్మా? మిగతా తొమ్మిది అంతస్తులూ ఎక్కడ?"

"మీ కాగితంలో ఉన్నాయండి," అంది నూకరత్నం కూర తరుగుతూ.

పరాంకుశం గారు అక్కడే ఉన్న ఇటుకల గుట్ట మీద కూలబడ్డారు. ఉద్యోగం కళ్లముందు గిర్రున తిరిగింది. తర్వాత ఆయన సిద్ధాంతమే ఆయనకు దారి చూపింది. పూర్తయిన భవనం గతం. గతాన్ని ఎవరూ పరిశీలించరు!

"కామేశం! ఈ భవనం పూర్తయింది! తక్షణం రాసెయ్! ఏదీ ధ్రువపత్రం? మేస్త్రీ, బొమ్మ దించవయ్యా, దించు!"

పైడిరాజు నిచ్చెన తేబోయాడు. నూకరత్నం కత్తిపీట పక్కన పెట్టి లేచింది. మూడు నెలలుగా ఎదురుచూస్తున్న మాట అది. అయినా చెయ్యి అడ్డంపెట్టింది.

"ఒకటి దించితే రెండు కట్టాలి కదండీ? అప్పుడు కట్టిన రెండూ పాత లెక్కలో కలిసిపోయాయండి."

"మీకు మినహాయింపు ఇస్తున్నానమ్మా!"

"వద్దండి బాబూ. మీరు మినహాయిస్తారు, రేపు మీ తర్వాత వచ్చే బాబు రూలు చూపించి మళ్లీ కట్టమంటారు. నాకు అంతా రూలు ప్రకారమే జరగాలండి. బొమ్మలు రెండూ మా తమ్ముడు ఉత్తినే చేసిపెడతాడు."

పావుగంటలో బొమ్మలు తయారయ్యాయి. వాటిని కట్టడానికి చోటు కావాలి. జీపులో బొమ్మలు పెట్టుకుని ఊరంతా తిరిగారు. ప్రతి స్తంభానికీ ఉంది, ప్రతి ఖాళీస్థలంలోనూ ఉంది, చెరుకు బండికీ ఉంది. పదకొండున్నర అయింది. పరాంకుశం గారి చొక్కా తడిసి ముద్దయింది.

"ఊరు మొత్తమ్మీద బొమ్మ లేని బిల్డింగు ఒక్కటే ఉందండి," అన్నాడు కామేశం గొంతు సవరించుకుని.

ఆశాభావ సంస్థ కార్యాలయానికి కుడివైపొకటి, ఎడమవైపొకటి కట్టారు. రేకుముక్కలు గుచ్చి నంబర్లు వేశారు. ఆ తర్వాత కామేశం, అతనికి రూలంటే రూలే కాబట్టి, లోపలున్నవాళ్లందరినీ బయటికి పిలిచి, తలుపుకు తాళం వేసి, అచ్చుకాగితం ఒకటి అంటించాడు. 'ఇది నిర్మాణంలో ఉన్న భవనం. కార్యకలాపాలు నిషేధం. అనుమతి లేకుండా బొమ్మలు దించరాదు.'

"ఓరి నీ! నా బాణం లోపల ఉందయ్యా!" అన్నారు పరాంకుశం గారు.

"అనుమతి తమరే ఇవ్వాలండి. ఇచ్చే ముద్ర కూడా లోపలే ఉందండి," అన్నాడు కామేశం.

అంతలో కమిషనరు గారి కారు వచ్చి వాళ్ల ముందే ఆగింది. ఆయన కార్యాలయానికి వేలాడుతున్న రెండు బొమ్మలనూ చూసి ఎంతో సంతోషించారు. "సంస్థ కార్యాలయం కూడా విస్తరిస్తున్నదన్నమాట. శుభం. ఇంతకీ ఆ పదకొండంతస్తులది ఎక్కడ?"

"పూర్తయిపోయిందండి. గతం," అన్నారు పరాంకుశం గారు కళ్లు మూసుకుని.

"ఓహో. గతంతో మనకేం పని?" అని, గడియారం చూసుకుని, కమిషనరు గారు పక్కజిల్లా భవిష్యత్తు చూడ్డానికి వెళ్లిపోయారు.

అదే సమయానికి మెస్సు ముందు పైడిరాజు మీసాల బొమ్మను కిందికి దించాడు. దాని పొట్టలో పిచ్చుకలు గూడు పెట్టుకుని ఉంటే, ఆ గడ్డిని అలాగే తీసి కిటికీ పైన సర్దాడు. నూకరత్నం గుమ్మడికాయ కొట్టింది. కొత్త గిన్నెలో పాలు పెట్టింది. అవి అంచుదాకా వచ్చి నాలుగు వైపులా పొంగి పొయ్యి మీద పడుతుంటే, నలుగురు ఆడవాళ్లూ సంతోషంతో కేకలు పెట్టారు. నూకరత్నం చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఏడాదిన్నర, ఆ పైన మూడు నెలలు. ఇప్పటికి ఇల్లు తనదైంది.

ఒంటిగంటకు కూర్చోడానికి కుర్చీ, వెళ్లడానికి ఆఫీసు లేని పరాంకుశం గారు, ఆకలికి తాళలేక, సిబ్బందిని వెంటబెట్టుకుని మెస్సుకు వచ్చారు. వాకిట్లో ఆగి, ఎవరూ చెప్పకుండానే, ప్యాంటు కాస్త పైకి లాక్కుని, వంగి ఒక ఇటుక చేతిలోకి తీసుకున్నారు.

"అక్కడ పెట్టెయ్యండి బాబూ," అంది నూకరత్నం గుమ్మంలోంచి. "మా ఇల్లు పూర్తయిపోయింది. చేతులు కడుక్కుని రండి, అన్నం పెడతాను."